క్రేఫర్డ్ తీసేసి ర్యాక్ పినియన్ బిగించాక: రెండు చలికాలాల లెక్క

టెలిస్కోప్‌కి కెమెరా తగిలించి ఫొటోలు తీసేటప్పుడు ఫోకస్ సర్దే భాగమే ఫోకసర్. రాపిడితో కదిలే క్రేఫర్డ్ రకం తీసేసి, పళ్ళతో కదిలే ర్యాక్ పినియన్ రకం పెట్టాను. మెరిడియన్ ఫ్లిప్ (నక్షత్రం నడినెత్తి రేఖ దాటాక టెలిస్కోప్‌ని మౌంటు రెండో పక్కకి తిప్పడం) అయ్యాక కూడా నక్షత్రాలు చుక్కల్లాగే ఉంటున్నాయి. పెట్టిన డబ్బు ఈ ఒక్కదానికే చెల్లు.

8 అంగుళాల ఎఫ్/5 న్యూటోనియన్‌ (అద్దాల టెలిస్కోప్)కి కోమా కరెక్టర్ (అంచు నక్షత్రాల సాగుడు సరిచేసే లెన్సు), ఫిల్టర్ వీల్, కూల్డ్ మోనో కెమెరా తగిలిస్తే కిలోన్నర దాకా వేలాడుతుంది. క్రేఫర్డ్‌లో డ్రాట్యూబ్‌ని (కెమెరాని మోస్తూ లోపలికీ బయటికీ జరిగే గొట్టం) పట్టి ఉంచేది ఇరుసు రాపిడి మాత్రమే, పళ్ళుండవు. ఫ్లిప్‌కి ముందు ట్యూబ్‌ని బయటికి లాగిన బరువే ఫ్లిప్ తర్వాత లోపలికి నెడుతుంది. ఎఫ్/5 దగ్గర ఆకుపచ్చ కాంతికి ఫోకస్ హద్దు (బొమ్మ పదునుగా నిలిచే మేర) సుమారు 67 మైక్రాన్లు, దాదాపు వెంట్రుక మందం. అంత చిన్న జారుడు చేతికి తెలియదు, ఫొటోలో తెలుస్తుంది. రాపిడి పెంచే టెన్షన్ స్క్రూ బిగిస్తే ఫోకసర్‌ని తిప్పే మోటారు ఆయాసపడుతుంది. లాక్ స్క్రూ బిగిస్తే ట్యూబ్ ఒక పక్కకి ఒరిగి ఆ మూల నక్షత్రాలు సాగుతాయి.

కొత్తదానితో ఆ గొడవ పోయింది కానీ బిగించేటప్పుడు చుక్కలు చూపించింది. పాతదానికన్నా ఇది 12 మి.మీ. ఎత్తు. డ్రాట్యూబ్ పూర్తిగా లోపలికి తిప్పినా ఫోకస్ అందలేదు. కొనేముందే కొలుచుకోవాల్సింది ఇదే: పాత ఫోకసర్‌లో కెమెరాకి ఫోకస్ కుదిరిన చోట డ్రాట్యూబ్ ఇంకా ఎన్ని మి.మీ. లోపలికి వెళ్ళగలదు? ఎత్తు తేడాకన్నా అది తక్కువైతే ప్రధాన అద్దాన్ని ముందుకు జరపక తప్పదు. ఇక్కడ కొలిమేషన్ (అద్దాల వరుస సర్దుబాటు) బోల్టులు పొడవైనవి వేసి, స్ప్రింగులు గట్టివి మార్చాల్సి వచ్చింది. పాత స్ప్రింగులే ఉంచితే పట్టు వదులై, టెలిస్కోప్ తిరిగినప్పుడల్లా కొలిమేషన్ చెదురుతుంది. అద్దం 12 మి.మీ. జరిగితే సెకండరీ (ఏటవాలుగా ఉండే చిన్న అద్దం) దగ్గర కాంతి శంకువు 2.4 మి.మీ. వెడల్పవుతుంది. ఫొటో అంచులు కాస్త మసకబారతాయి, ఫ్లాట్ ఫ్రేములు (సమానమైన వెలుతురుని ఫొటో తీసి సరిపోల్చుకునేవి) దాన్ని సరిచేస్తాయి.

ఇందులో ఊహించని లాభం ఒకటుంది. డ్రాట్యూబ్ అంచు ఇప్పుడు కాంతి దారిలోకి పొడుచుకు రావడం లేదు, పెద్ద నక్షత్రాలు ఒక పక్క కొరికినట్టు కనిపించడం మానేశాయి.

జారదన్నాను గానీ, పళ్ళ మధ్య వెసులుబాటు ఉండనే ఉంది. మోటారు దిశ మార్చినప్పుడు మొదటి కొన్ని స్టెప్పులు వృథా. ఆటోఫోకస్ సాఫ్ట్‌వేర్‌లో ఓవర్‌షూట్ (గురి దాటి వెళ్ళి వెనక్కి రావడం) పెట్టి, చివరి కదలిక ఎప్పుడూ ఒకే దిశలో ఉండేలా చేస్తే సరిపోతుంది. చుట్టుకి 5,760 స్టెప్పుల మోటారు, చుట్టుకి సుమారు 20 మి.మీ. కదిలే పినియన్ అనుకుంటే స్టెప్పుకి మూడున్నర మైక్రాన్లు. ఫోకస్ హద్దులో దాదాపు 19 స్టెప్పులు పడతాయి, అది చాలు. ఆటోఫోకస్ గీసే ఫోకస్ వక్రరేఖ (ఫోకసర్ స్థానాన్ని బట్టి నక్షత్రం సైజు) ‘వి’ ఆకారంలో రాకుండా చదునుగా వస్తే ముందు మోటారుని ఇరుసుకి కలిపే కప్లర్ గ్రబ్ స్క్రూ చూడండి. అది వదులైతే మోటారు తిరుగుతుంది, ఇరుసు తిరగదు.

జారకపోయినంత మాత్రాన రాత్రంతా ఫోకస్ నిలవదు. మీటరు ఉక్కు గొట్టం డిగ్రీకి 12 మైక్రాన్లు కుంచించుకుంటుంది. జనవరిలో సాయంత్రం నుంచి తెల్లవారేలోపు ఆరు డిగ్రీలు తగ్గినా 72 మైక్రాన్లు, అంటే హద్దు దాటినట్టే. రెండు డిగ్రీలకోసారి ఆటోఫోకస్ తప్పదు, ఫోకసర్ ఏదైనా సరే.

డీఎస్ఎల్ఆర్ ఒక్కటే తగిలించేవాళ్ళకి ఇంత ఖర్చు అవసరమా అంటే అనుమానమే. ముందు క్రేఫర్డ్ ట్యూబ్ చదును పట్టీనీ, ఇరుసునీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి జిడ్డు పోగొట్టండి. టెన్షన్ స్క్రూ పావు చుట్టు బిగించి, ఒక ఫ్లిప్ దాటేదాకా చూడండి.