జేసీ రోడ్డులో వేయించిన ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు: నాలుగు నెలలు వాడి పీకేశాను

ముందే చెప్పేస్తున్నా, ఇది పొగుడుతూ రాస్తున్న రివ్యూ కాదు, అలాగని షాపువాడి మీద కసితో రాస్తున్నదీ కాదు. మాది పన్నెండేళ్ల పాత హ్యాచ్‌బ్యాక్. బెంగళూరులో వీధి దీపాల కింద తిరిగినంతసేపు హెడ్‌లైట్లు వెలుగుతున్నాయో లేదో కూడా తెలీదు. కానీ నెలకోసారి మదనపల్లె వెళ్లాలి. శుక్రవారం ఆఫీసు ముగించుకుని బయల్దేరితే హోస్కోటే దాటేలోపే చీకటి పడుతుంది, అక్కణ్నుంచి చింతామణి మీదుగా పోతుంటే ఎదురుగా టమాటా లారీలు, నా బండి ముందేమో ఆముదం దీపం పెట్టినట్టు పసుపచ్చటి మసక వెలుతురు. ఒకసారి మలుపులో ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీ ఆఖరి నిమిషంలో కనపడింది. దానికి రిఫ్లెక్టర్ స్టిక్కరు కూడా లేదు. ఆ మర్నాడే జేసీ రోడ్డుకి పోదామని డిసైడైపోయాను.

జేసీ రోడ్డు సంగతి బెంగళూరులో కారున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. సీటు కవర్ల నుంచి స్టీరియోల దాకా అన్నీ అక్కడే, బండి ఆపకముందే నలుగురు అద్దం కొడతారు. నేను ఎక్కిన షాపులో కుర్రాడు నా నంబరు ప్లేటు చూసి తెలుగులోనే మొదలెట్టాడు: "సార్, రాత్రి పగలైపోతుంది." డబ్బా మీద జతకి 200 వాట్లు, 20,000 ల్యూమెన్లు (వెలుతురు కొలత) అని రాసుంది. 4,500 చెప్పాడు, బేరమాడితే ఫిట్టింగుతో కలిపి 3,200కి దిగాడు. ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. ఒక్కటి మాత్రం అప్పుడే కాస్త గుచ్చుకుంది. ఎల్‌ఈడీ బల్బు వెనక ఫ్యాను, వేడి లాగే లోహపు దిమ్మ (హీట్ సింకు) ఉంటాయి కదా, హెడ్‌లైటు వెనక నీళ్లు పోకుండా ఉండే రబ్బరు బూటు దాని మీదికి ఎక్కడం లేదు. కుర్రాడు జేబులోంచి బ్లేడు తీసి బూటు మధ్యలో గుండ్రంగా కోసి తగిలించేశాడు. "అందరికీ ఇంతే సార్" అన్నాడు. నేనూ సరే అనుకున్నాను.

ఆ రాత్రి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో గోడకి ఎదురుగా బండి పెట్టి లైట్లు వేస్తే, నిజం చెప్పాలి, పండగే. గోడ తెల్లగా మెరిసిపోయింది. మా ఆవిడ మాత్రం "గోడ పైన సీలింగు కూడా వెలుగుతోందేంటి?" అంది. అప్పుడు నాకు బుర్ర వెలగలేదు.

హైవే మీద మొదటి గంట బాగానే ఉంది. సైన్ బోర్డులు భగ్గుమంటున్నాయి, రోడ్డు పక్క తెల్ల గీత దారంలా కనిపిస్తోంది. కాసేపటికి గమనించాను, బండి ముందు ఇరవై ముప్పై మీటర్లు తెల్లటి దుప్పటి పరిచినట్టుంది, దాని అవతల మాత్రం మునుపటికన్నా చీకటి. దగ్గర వెలుగు ఎక్కువైతే కళ్లు దానికే అలవాటు పడిపోయి దూరంలో ఉన్నది కనిపించదు. హై బీమ్ వేస్తే వెలుతురు చెట్ల కొమ్మల మీదికి పోతోంది, రోడ్డు మీదికి కాదు. వాన పడ్డ రోజైతే మరీ ఘోరం. తడిసిన తారు మీద ఆ తెల్ల వెలుగు ఎటు పోయిందో తెలియలేదు, వాన చినుకులు మాత్రం ముత్యాల్లా స్పష్టంగా కనిపించాయి. వాటితో నాకేం పని?

అసలు దెబ్బ మా బావ కొట్టాడు. మదనపల్లె ఊరి మొదట్లో నాకోసం బైకేసుకుని ఎదురొచ్చాడు. నేను డిప్పర్‌లోనే, అంటే లో బీమ్‌లోనే ఉన్నాను. ఆయన బండి ఆపి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని, "ఏం బామ్మర్దీ, కారేసుకొచ్చినావా, రైలింజనేసుకొచ్చినావా?" అన్నాడు. నవ్వులాటకి అంటున్నాడనుకున్నా. మర్నాడు రాత్రి నన్ను ఆ బైకు మీద కూర్చోబెట్టి, కారు తాను తీసుకుని ఎదురుగా వచ్చాడు. యాభై మీటర్ల దూరంలో ఉండగానే నాకు రోడ్డు అంచు మాయమైంది. పక్కన గుంత ఉందో, మనిషి ఉన్నాడో తెలీదు. కారు దాటిపోయాక కూడా కళ్ల ముందు నీలం మచ్చలు తేలుతూనే ఉన్నాయి. నాలుగు నెలలుగా ఎంతమందిని ఇలా చేశానో అని సిగ్గేసింది.

ఎందుకిలా అవుతుందో తర్వాత కూర్చుని చదివాను. మా బండిలో ముందు ఉండేది హెచ్4 రకం హాలోజన్ బల్బు. అందులో వేడెక్కి వెలిగే సన్న తీగలు, అంటే ఫిలమెంట్లు, రెండు: హై బీమ్‌కి 60 వాట్లు, లో బీమ్‌కి 55. లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు గిన్నె ఒకటి ఉంటుంది. కిందికి పోయే వెలుతురుని అది ఆపేస్తుంది కాబట్టి రిఫ్లెక్టరు (బల్బు చుట్టూ ఉండే మెరిసే డొప్ప) పైసగం మీదే కాంతి పడి, అక్కణ్నుంచి రోడ్డు మీదికి వంగుతుంది. ఎదుటివాడి కళ్లు కాపాడేది ఆ గిన్నే. రిఫ్లెక్టరు ఒంపులన్నీ ఆ సన్నటి తీగ సరిగ్గా ఎక్కడుంటుందో దాన్ని బట్టి లెక్కేసి చేసినవి. ఎల్‌ఈడీలో తీగ ఉండదు, ఒక పలకకి రెండు వైపులా చిప్‌లు అంటించి ఉంటాయి. పలకకి మందం ఉంటుంది, చిప్ వెలుతురు చుట్టూ కాకుండా తన ఎదుటికే పోతుంది. కొద్ది మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా బీమ్ పాడైపోతుంది. నా ఎడమ బల్బు కాస్త తిరిగి కూర్చుందని మళ్లీ షాపుకెళ్లి సరిచేయించాను. కొంచెం మెరుగైంది, సీలింగు మీద వెలుగు మాత్రం పోలేదు. జర్మనీలో 2020లో ఆస్రామ్ అనే బల్బుల కంపెనీ వాళ్ల ఎల్‌ఈడీ బల్బుకి రోడ్డు అనుమతి వచ్చినప్పుడు కూడా ఏ మోడల్ కార్లలో వాడొచ్చో జాబితా ఇచ్చి మరీ ఇచ్చారు. మనకేమో డబ్బాలోంచి తీసి ఏ బండికైనా దోపేయడమే.

ఇక ఆ 200 వాట్ల కథ. ఆఫీసులో ఒక మిత్రుడి దగ్గర డీసీ క్లాంప్ మీటరు (వైరు చుట్టూ తగిలిస్తే కరెంటు ఎంతో చెప్పేది) ఉంటే పెట్టి చూశాం. ఒక్కో బల్బు 2.4 యాంపియర్లు లాగుతోంది, 13.5 వోల్టుల దగ్గర. అంటే 32 వాట్లు. డబ్బా మీద రాసినట్టు ఒక్కోటి వంద వాట్లయితే ఏడు యాంపియర్లు దాటాలి. అబద్ధమాడినా అతికేట్టు ఉండాలి కదా. పైగా పావుగంటకి వెలుగు తగ్గడం నేను కంటితోనే పట్టాను. హాలోజన్ తన వేడిని ఎక్కువగా ముందుకే కక్కేస్తుంది, ఎల్‌ఈడీ వేడి మాత్రం వెనక్కి, చిప్ కిందికే దిగుతుంది. ఫ్యాను అందుకోలేకపోతే కాంతి పడిపోవాల్సిందే. ఇంకో తమాషా, లైట్లు వేస్తే ఎఫ్ఎంలో గరగర. ఎల్‌ఈడీకి కరెంటు సర్ది ఇచ్చే డ్రైవరు సర్క్యూట్ చౌకరకమైతే అంతే. వానాకాలం వచ్చాక కోసిన బూటు కూడా తన పని చేసింది. ఒక పొద్దున చూస్తే కుడి హెడ్‌లైటు లోపల ఆవిరి పట్టి, కింద నీటి బొట్లు నిలిచి ఉన్నాయి.

పోలీసుల సంగతీ ఉంది. 2024 జులై నుంచి కర్ణాటకలో కళ్లు బైర్లు కమ్మించే ఎల్‌ఈడీల మీద కేసులు పెడుతున్నారు. నన్నెవరూ ఆపలేదు, అది నా అదృష్టం.

అన్ని ఎల్‌ఈడీలూ దండగని నేననను. క్యాబిన్ లైటు, నంబరు ప్లేటు లైటు, డిక్కీ లైటు మార్పించాను, ఆ మూడింటికీ కలిపి నాలుగొందలు కూడా కాలేదు, బ్రహ్మాండంగా ఉన్నాయి. ఊళ్లో రాత్రిపూట డోర్లు తెరిచిపెట్టి సామాన్లు దించుతుంటే బ్యాటరీ దిగిపోతుందన్న టెన్షన్ లేదు. ఇండికేటర్లకి మాత్రం వెయ్యొద్దు. కరెంటు తక్కువ లాగేసరికి బల్బు కాలిపోయిందనుకుని ఇండికేటర్లని వెలిగించి ఆర్పే రిలే టకటకమని రెండింతల వేగంతో కొడుతుంది. దానికి అదనంగా కరెంటు తినే రెసిస్టరు పెడతామంటారు, అది ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది.

చివరికి ఏం చేశానంటే, మీటరు చేతిలో ఉంది కదా అని పాత హాలోజన్ పెట్టి హోల్డరు దగ్గర వోల్టేజీ చూశాం. బ్యాటరీ దగ్గర 13.6, బల్బు దగ్గర 12.1. పాత వైర్లు, స్విచ్చు కాంటాక్టులు మధ్యలో వోల్టున్నర తినేస్తున్నాయి. హాలోజన్‌కి వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు మూడో వంతు దాకా పోతుంది. జబ్బు అక్కడుంటే నేను కళ్లద్దాలు మార్చుకున్నట్టయింది. మామూలు 60/55 హాలోజన్ జత, బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు తెచ్చే రిలే వైరింగు, రెండు కొత్త రబ్బరు బూట్లు, పసుపెక్కిన హెడ్‌లైటు అద్దాలకి పాలిష్, అన్నీ కలిపి 2,100 అయింది. గోడ మీద గీత గీసుకుని ఎత్తు కూడా సరిచేయించాను. ఇప్పుడు చింతామణి రోడ్డులో డిప్పర్ మీదే హాయిగా పోతున్నా. పగలైతే కాలేదు గానీ మలుపు అవతల ఏముందో కనిపిస్తోంది. మొన్న బావ ఎదురొచ్చి ఏమీ అనలేదు.

షాపుకి ఎన్ని స్టార్లంటే, కుర్రాడి చేతి పనికి మూడు, ఆ బల్బులకి ఒకటి. వెనక్కి తీసుకోమంటే ఎలక్ట్రికల్ ఐటమ్‌కి రిటర్న్ లేదన్నారు. రిలే వైరింగు కూడా అక్కడే కొన్నాను, డబ్బులిస్తుంటే ఆ కుర్రాడే అన్నాడు: "ఇది ముందే అడిగుంటే ఇచ్చేవాణ్ని కదా సార్!"