జైపూర్‌లో చివరి రోజు: పాత నగరం గోడల లోపలే

జైపూర్‌లో చివరి రోజును ఎలా గడపాలని ఎవరైనా అడిగితే, పాత నగరం గోడలు దాటి బయటికి వెళ్లవద్దనే చెబుతాను. రాత్రి రైలు ఉంది కదా, ఈలోగా నహర్‌గఢ్ కొండెక్కి, దారిలో జలమహల్ కూడా చూసేద్దామని పిల్లల పట్టు. మోకాళ్ల నొప్పులున్న అమ్మను వెంటబెట్టుకుని అంత తిరుగుడు వద్దనుకున్నాం. హవా మహల్, జంతర్ మంతర్, సిటీ ప్యాలెస్ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ముందు రోజు ఆమేర్ కోటలో తీసుకున్న ఉమ్మడి టికెట్ రెండు రోజులు చెల్లుతుంది కాబట్టి మొదటి రెండు చోట్లా మళ్లీ వరుసలో నిలబడే పని లేకపోయింది. సిటీ ప్యాలెస్‌కు మాత్రం వేరే టికెట్ కొనాలి.

హవా మహల్ ముఖం తూర్పుకు ఉంటుంది. పొద్దున్నే వెళ్తే ఎండ నేరుగా ఆ 953 కిటికీల మీద పడుతుంది, రోడ్డు మీద రద్దీ కూడా ఉండదు. లోపలికి దారి వెనక వీధి నుంచి. 1799లో జైపూర్ రాజు సవాయి ప్రతాప్ సింగ్ కట్టించిన ఈ భవనంలో పై అంతస్తులకు చాలావరకు మెట్లకు బదులు ఏటవాలు దారులే ఉన్నాయి. అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లడానికి ఇంత అనువైన పాత కట్టడాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక జంతర్ మంతర్, అంటే ఆకాశంలో గ్రహాలనూ నక్షత్రాలనూ గమనించడానికి కట్టిన పాతకాలపు వేధశాల. చాలామంది పావుగంటలో నాలుగు ఫొటోలు తీసుకుని బయటపడుతున్నారు. మేము మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. గేటు దగ్గర గుర్తింపు కార్డున్న గైడును మాట్లాడుకోవడం ఆ రోజు మేము పెట్టిన అన్ని ఖర్చుల్లోకీ సార్థకమైనది. ఆయన లేకపోతే అవన్నీ వింత ఆకారంలో కట్టిన గోడల్లాగే కనిపించేవి. సవాయి జైసింగ్ కట్టించిన సామ్రాట్ యంత్రం ఒక పెద్ద ఎండ గడియారం, 27 మీటర్ల ఎత్తు. దాని నీడ పాలరాతి పలక మీద సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున జరుగుతుంది. మా అబ్బాయి పలక పక్కన గొంతుక్కూర్చుని, నీడ అంచు ఒక గీతను దాటి రెండో గీత మీదికి వెళ్లేదాకా కన్నార్పలేదు. "నాన్నా, ఇది నిజంగానే కదులుతోంది!" అని అరిచాడు. తర్వాత నా ఫోనులో సమయం చూసి, దాదాపు అరగంట తేడా ఉందేమిటని అడిగాడు. మన దేశ కాలమానం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి లెక్కిస్తారు, ఆ రేఖ మన కాకినాడ సమీపంగా పోతుంది. జైపూర్ దానికి బాగా పడమరగా ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు నడినెత్తికి రావడం ఆలస్యం. మేము వెళ్లిన డిసెంబరు చివరి వారంలో ఆ తేడా సుమారు 27 నిమిషాలు. పుస్తకంలో చదివి మరచిపోయే పాఠం వాడికి అక్కడ కళ్లెదుట కనిపించింది. అమ్మ మాత్రం రాశివలయం దగ్గర తన కన్యారాశి యంత్రాన్ని వెతికి పట్టుకుని, దాని పక్కన ఫొటో తీయించుకుంది. ఎండ లేని రోజున వెళ్తే ఇందులో సగం అర్థం కాదు, మబ్బు పట్టి ఉంటే మరుసటి రోజుకు వాయిదా వేసుకోండి.

సిటీ ప్యాలెస్ అందంగానే ఉంది కానీ టికెట్ ధర చూస్తే కొంచెం ఎక్కువే అనిపించింది. రెండో మాధో సింగ్ 1902లో లండన్ వెళ్తూ గంగాజలం పట్టుకెళ్లిన వెండి గంగాళాలు అక్కడే ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 4 వేల లీటర్లు పడుతుంది. వాటి కోసమైనా లోపలికి వెళ్లవచ్చు.

బస గురించి. మేము దిగింది పాత నగరంలో, హవేలీని హోటల్‌గా మార్చిన చోట. గోడల మీద రంగుల బొమ్మలు, నడుమ వాకిలి, చాలా బాగుంది. కానీ లిఫ్టు లేదు, సందులోకి ఆటో రాదు. గది బుక్ చేసినప్పుడు కింది అంతస్తు ఇస్తామన్నవాళ్లు తీరా వెళ్లాక రెండో అంతస్తు ఇచ్చారు. అమ్మ అన్ని మెట్లు ఎక్కి దిగాల్సి రావడం నాకు బాధ కలిగించింది. పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. గది ఖాళీ చేశాక సాయంత్రం దాకా సామాన్లు ఉచితంగా ఉంచుకున్నారు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

బాపూ బజార్‌లో మా ఆవిడ తేలికైన జైపూరీ రజాయిలు (దూది దుప్పట్లు) బేరమాడి కొన్నది. మమ్మల్ని ఎక్కించుకున్న ఒక ఆటో డ్రైవరు కమీషన్ కోసం నగల దుకాణం ముందు ఆపబోతే, దిగేది లేదని గట్టిగా చెప్పాం.

స్టేషన్‌కు మెట్రోలో వెళ్లాం. బడీ చౌపర్‌లో ఎక్కితే రైల్వే స్టేషన్ నాలుగో స్టాపు. సాయంత్రం పూట ఆ బజార్ల రద్దీలో ఆటోలో ఇరుక్కునే కంటే ఇది ఎంతో నయం. బరువైన పెట్టెలు చాలా ఉంటే మాత్రం ఓ గంట ముందుగా బయలుదేరి ఆటోలోనే వెళ్లండి.