పాల్ సైమన్ ‘సెవెన్ సామ్స్’: 33 నిమిషాలు, ఒకే ఒక్క ట్రాక్

ఈ ఆల్బమ్‌లో నన్ను కట్టిపడేసిందీ, ఇప్పటికీ అప్పుడప్పుడూ విసిగించేదీ ఒక్కటే. ఇందులో తర్వాతి పాటకి వెళ్లే వీల్లేదు. ఏడు భాగాలున్నాయి, ఏడింటికీ పేర్లున్నాయి, కానీ యాప్‌లో తెరిస్తే కనబడేది 33 నిమిషాల ఒకే ట్రాక్. నచ్చినదాని దగ్గరికి దూకలేం, నచ్చనిదాన్ని దాటేయలేం. మొదట్నుంచి చివరిదాకా ఒక్క బిగిన వినాలని అమెరికన్ గాయకుడు, పాటల రచయిత సైమన్ కావాలనే అలా పెట్టారు. 2023 మేలో వచ్చింది, అప్పటికి ఆయనకి 81 ఏళ్లు. అప్పట్నుంచీ వింటూనే ఉన్నాను కాబట్టి, కొత్తలో అందరికీ చెప్పుకు తిరిగిన పొగడ్తల్లో ఏవి నిలిచాయో, ఏవి కాస్త పలచబడ్డాయో ఇప్పుడు చెప్పగలను.

సైమన్ ఎవరో, ఆర్ట్ గార్ఫంకెల్‌తో జోడీగా పాడిన రోజులేంటో మళ్లీ ఏకరువు పెట్టను. ఈ రికార్డు పుట్టిన తీరు మాత్రం చెప్పాలి. 2018లో వీడ్కోలు పర్యటన ముగించేసిన మనిషి. 2019 జనవరి 15న, ‘సెవెన్ సామ్స్’, అంటే ‘ఏడు కీర్తనలు’ అనే రచన చేస్తున్నట్టు కల వచ్చిందట. లేచి తేదీతో సహా రాసిపెట్టుకున్నారు. ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు తెల్లవారుజామున మూడున్నరకీ ఐదింటికీ మధ్య మెలకువ వచ్చేదనీ, అప్పుడే మాటలు తట్టేవనీ ఆయనే చెప్పారు. వింటే నమ్మబుద్ధవుతుంది. సభలో పాడుతున్న గొంతు కాదది. పక్కగదిలో పడుకున్నవాళ్లకి నిద్రాభంగం కాకుండా పాడుకుంటున్నట్టుంటుంది.

మొదటి భాగం ‘ది లార్డ్’. దేవుడు అడవి, ఆ అడవికి కాపలాదారూ ఆయనే, కొత్తవాడికి తెరిచిన తలుపూ ఆయనే అంటూ సాగుతుంది. ఇదేదో స్తోత్రంలే అని స్థిమితపడేలోపు, కోవిడ్ వైరస్ కూడా ఆయనే, పొంగుకొస్తున్న సముద్రమూ ఆయనే అంటారు, అదే గొంతుతో, అదే నెమ్మదితో. ఈ వరస మధ్యమధ్యలో మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ అంతదాకా విన్న సందేహాలూ క్షమాపణలూ దాని మీద పేరుకుని ఉంటాయి. విడిగా వింటే మంచి పాట. వరసలో వింటే గుండె పట్టేస్తుంది. ఒకే ట్రాక్ ఎందుకని అడిగేవాళ్లకి నా జవాబు ఇదే. 2025లో మళ్లీ పర్యటనకి వచ్చి చిన్న థియేటర్లలో వాయించినప్పుడు కూడా, ఆయన దీన్ని ముక్కలు చెయ్యలేదు. మొదటి సగంలో ఇది మొత్తం వాయించాకే పాత పాటల జోలికెళ్లారు.

గిటార్ గురించి ఒక్కమాట. 1966లో వచ్చిన ‘సౌండ్స్ ఆఫ్ సైలెన్స్’ ఆల్బమ్‌లో బ్రిటిష్ గిటారిస్టు డేవీ గ్రాహమ్ కట్టిన ‘యాంజీ’ అనే గిటార్ బాణీ వాయించారు సైమన్. ఇక్కడి తీగల్లో నా చెవికి దాని ఛాయ వినిపిస్తుంది. అదే బొటనవేలు బరువు, కాకపోతే తొందర లేదు. కుర్రతనంలో పట్టుబడ్డ వాయిద్యపు నడకని ఆ వయసులో మళ్లీ అందుకోవడం నాకు మాటల కంటే ఎక్కువ చెప్పింది.

ఇప్పుడు విసుగు సంగతి. ఒక సాయంత్రం చివరి భాగం ‘వెయిట్’ దాకా వచ్చాను. ఇంకా సిద్ధంగా లేను, సామాను సర్దుకుంటున్నాను, కాస్త ఆగండి అనే మనిషి పాట అది. సరిగ్గా అక్కడ ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేసరికి యాప్ మళ్లీ సున్నా దగ్గర నిలబడి ఉంది. వేరే ఆల్బమ్ అయితే పోయేది ఒక పాట. ఇక్కడ అరగంట పోయింది. వేలితో గీత జరుపుతూ వెతికాను. ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో గుర్తు లేదు కదా, ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి. దొరికేసరికి వినే మనసు పోయింది. అప్పట్నుంచి పద్ధతి మార్చాను. ముందే డౌన్‌లోడ్ చేసి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, తీగ ఉన్న హెడ్‌ఫోన్సే వాడుతున్నాను. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో అంతకుముందు అందని సన్నటి శబ్దాలు, గంటల్లాంటి మోతలు, మెట్లు మారేటప్పుడు వేళ్లు తీగ మీద జారిన చప్పుడు, మాటకి ముందు తీసుకున్న ఊపిరి, అన్నీ బయటపడ్డాయి.

ఈ రికార్డు పని నడుస్తుండగానే సైమన్‌కి ఎడమ చెవి వినికిడి చాలావరకు పోయింది. ఇది చదివాక ఒక రాత్రి ఫోన్ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఆన్ చేసి, ఎడమవైపు హెడ్‌ఫోన్ పక్కకి జరిపి, కుడి చెవితో మాత్రమే విన్నాను. ముందు పోయింది చోటు. అంతవరకు ఒక మోత కాస్త దూరంలో, ఇంకోటి తల వెనకెక్కడో ఉన్నట్టు తోచేవి. ఇప్పుడన్నీ ఒకే గోడకి చేరబడ్డాయి. బ్రిటన్ గాయకబృందం వోచెస్ ఎయిట్ గొంతులు విడివిడిగా కాకుండా ఒక పొరలా వినిపించాయి. గొంతూ గిటారూ మాత్రం చెక్కుచెదరలేదు. పొరలన్నీ పోయినా నిలబడేలా పాట నడుం ఆ రెంటిలోనే ఉందని అప్పుడు తెలిసింది. ఆయన తలలో ఎలా వినిపించేదో నాకు తెలిసిపోయిందని అనను. ఒక చెవి అలా సహకరించని రోజుల్లో ఈ దూరాలన్నీ కొలిచి పేర్చిన మనిషి మీద గౌరవం మాత్రం రెట్టింపయింది. హెడ్‌ఫోన్ మళ్లీ సర్దుకున్నప్పుడు ఆ చోటంతా తిరిగి తెరుచుకోవడం ఎంత హాయిగా ఉందో.

కొత్తలో ఇందులో ఒక్క క్షణం కూడా వదులు లేదనేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా అనను. ‘మై ప్రొఫెషనల్ ఒపీనియన్’ బ్లూస్ నడకలో సరదాగా మొదలవుతుంది, కానీ చుట్టూ ఉన్నవాటి లోతు దానికి లేదు. అక్కడికొచ్చేసరికి నా ధ్యాస పక్కకి పోతోంది. దాటేసే వీలుంటే దాటేసేదాన్నేమో, అందుకే వీల్లేకపోవడం మంచిదని కూడా అనిపిస్తుంది. ‘ది సేక్రెడ్ హార్ప్’ మటుకు వినేకొద్దీ పెరిగింది. దారిలో లిఫ్ట్ అడిగిన ఇద్దరిని బండెక్కించుకున్న కథ. అందులో ఆయన భార్య ఈడీ బ్రికెల్ గొంతు కలిసినప్పుడు అప్పటిదాకా ఒంటరిగా ఉన్న గదిలోకి ఎవరో వచ్చినట్టవుతుంది. చివర్లో ఆమెన్ అనేటప్పుడు కూడా ఆమె తోడుంటుంది.

కొనాలా, వినాలా అంటే, నా సంగతి చెప్పగలను అంతే. నాకు సాయంత్రాలు ఖాళీ. ఇంట్లో చిన్నపిల్లలు లేరు. ఇంగ్లిష్ పాట మాటలు ముందు పెట్టుకుని వినే అలవాటుంది. దేవుడి మీద నమ్మకమూ అనుమానమూ రెండూ సమానంగా ఉన్నదాన్ని. ఇవన్నీ కలిసొచ్చాయి కాబట్టి ఇది నాకు పట్టింది. ఆయన పాత ఆల్బమ్ ‘గ్రేస్‌ల్యాండ్’లోని దరువుల కోసం వస్తే ఇక్కడ అవి దొరకవు. డ్రైవింగ్‌లోనో వంట చేస్తూనో వింటే సగం జారిపోతుంది, నాకూ అలాగే జారిపోయింది. అరగంట తలుపేసుకుని కూర్చోగలిగే రోజు చూసుకుని ఒకసారి పూర్తిగా వినండి. పట్టకపోతే వెంటనే రెండోసారి పెట్టకండి, కొన్నాళ్లాగి చూడండి.

ఇక ఆయన కోరికకి విరుద్ధమే అయినా నా కోరిక ఒకటుంది. ఒకే ట్రాక్‌ని అలాగే ఉంచి, పక్కన ఏడు ముక్కలుగా కూడా ఇస్తే బాగుణ్ణు. కొన్ని రాత్రులు నాకు ‘ట్రెయిల్ ఆఫ్ వోల్కేనోస్’ ఒక్కటే చాలు.