జబ్బకు కట్టుకునే నల్ల పట్టీలు: రెడీమేడ్ ప్యాకెట్ ఎలా ఉందంటే

ఈ పట్టీల్లో నాకు ముందుగా నచ్చింది వీటి నలుపు. మెరుపు లేని, నిండు నలుపు. ఇంతకుముందు చాలా చోట్ల శాటిన్ రిబ్బన్ ముక్కలు పిన్నీసుతో గుచ్చుకోవడం చూశాను. ఎండ పడగానే తళుక్కుమంటాయి. సంతాపానికి కట్టుకున్నది అలా మెరుస్తుంటే నాకు మనసొప్పదు.

మా క్రికెట్ క్లబ్బులో బ్యాట్లు, ప్యాడ్లు, జెర్సీల బాధ్యత నాది. ఏళ్ల తరబడి మా మ్యాచ్‌లకు అంపైరింగ్ చేసిన పెద్దాయన ఈమధ్యే కాలం చేశారు. తర్వాతి మ్యాచ్‌లో రెండు జట్లూ నల్ల పట్టీలతో ఆడాలని అనుకున్నాం. అందుకే ఆన్‌లైన్‌లో ఈ ప్యాకెట్ తెప్పించాను. ఇలాంటివి కొనేవాళ్లు బాధలో ఉంటారు, టైమూ ఉండదు, చేతికి ఏది వస్తే అది కట్టేసుకుంటారు. తర్వాత కొనేవాళ్లకైనా పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

పట్టీ ఎలాస్టిక్‌ది, రెండు చివర్లా వెల్క్రో. అంచులు మడిచి కుట్టారు కాబట్టి దారాలు ఊడిరావడం లేదు. సాగదీసి వదిలితే మళ్లీ మామూలుగా అవుతోంది. మ్యాచ్ మొత్తం అయ్యాక కూడా ఎలాస్టిక్ వదులు కాలేదు. అసలు నేను చూసే పరీక్ష ఇదే. ఒకసారి కట్టుకున్నాక మళ్లీ దాని మీదికి చెయ్యి పోకూడదు. పని ఆపలేనివాళ్లు, యూనిఫాం మార్చుకోలేనివాళ్లు తమ దుఃఖాన్ని తెలుపుకునే పద్ధతి ఈ పట్టీ. సైనికుడు డ్యూటీ డ్రెస్ విప్పి నల్ల బట్టలు వేసుకోలేడు కదా, అందుకే చేతికి పట్టీ. బౌలర్ రనప్ మధ్యలో పట్టీ పైకి లాక్కోవలసి వస్తే ఇక ఆ పట్టీ ఎందుకు? పెద్దవాళ్ల వరకూ ఇది నిలిచింది. మా ఫాస్ట్ బౌలర్‌కు కూడా జారలేదు.

పిల్లల విషయానికొస్తే మాత్రం ఫెయిల్. ప్యాకెట్ మీద 'అందరికీ సరిపోయే సైజు' అని ఉంది. పెద్దాయన మనవడు మా జూనియర్ జట్టులో ఆడతాడు, బక్కపల్చని పిల్లాడు. వెల్క్రో ఎంత బిగించినా పట్టీ మోచేతి దాకా జారిపోయింది. ఇంకా లాగి అంటిస్తే వెల్క్రో గరుకు వైపు బయటికొచ్చి జెర్సీకి పట్టుకుని పోగులు లాగేసింది. పిన్నీసు పెడదామన్నారు ఎవరో. డైవ్ కొట్టే పిల్లాడి చేతికి పిన్నీసేంటని నేను ఒప్పుకోలేదు. పట్టీని మధ్యలో మడిచి, నల్ల దారంతో రెండు వరుసలు కుట్టి, మిగిలిన వెల్క్రో కత్తిరించేశాను. అప్పుడు కుదురుగా కూర్చుంది. అందరికంటే ఆ పట్టీ అవసరం ఎక్కువున్నది ఆ పిల్లాడికి. కంపెనీవాళ్లు చిన్న సైజు ఒకటి తప్పకుండా తేవాలి.

రంగు సంగతి. తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దితే బూడిదరంగు మరక వచ్చింది. క్రికెట్ తెల్ల డ్రెస్ మీద కట్టేవాళ్లు ముందుగా ఒకసారి నీళ్లలో నానబెట్టి, రంగు పోవడం ఆగేదాకా జాడించి ఆరేసుకోండి. ఈ రంగు దిగే బాధ పాతదే. 1861లో భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణి 1901లో తాను చనిపోయేదాకా నల్ల దుస్తులే వేసుకుంది. ఆ కాలంలో సంతాపానికి వాడిన క్రేప్ అనే ముడతల పట్టుబట్ట వానకు తడిస్తే రంగు దిగి ఒంటికి అంటుకునేది. మెరుపు లేకపోవడమే ఆ బట్ట ప్రత్యేకత, దాని కోసమే జనం ఆ అవస్థ భరించారు.

వెడల్పు రెండు అంగుళాలుంది. నాకు ఇంకాస్త ఉంటే బాగుండేదనిపించింది. బ్రిటిష్ సైన్యంలో అధికారుల పట్టీ ఎడమ మోచేతి పైన మూడు అంగుళాల పైచిలుకు వెడల్పుతో ఉంటుంది. 1941 డిసెంబరు 8న జపాన్ మీద యుద్ధ ప్రకటన పత్రంపై సంతకం చేస్తున్న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఫొటో చూడండి. కోటు చేతికి నల్ల పట్టీ స్పష్టంగా కనబడుతుంది. అది ముందురోజు పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడిలో పోయినవాళ్ల కోసం కాదు, ఆ సెప్టెంబరులో చనిపోయిన తల్లి సారా కోసం. తల్లి పోయిన దుఃఖంలోనే ఉండి యుద్ధ పత్రం మీద సంతకం పెట్టవలసి వచ్చిన మనిషి! ఆ పట్టీ లేకపోతే ఫొటో చూసేవాళ్లకు ఆ సంగతి తెలిసేదే కాదు.

ఇక నాకు అస్సలు నచ్చనిది కంపెనీ పేరున్న తెల్ల ట్యాగు. దాన్ని పట్టీకి బయటివైపు కుట్టారు. సంతాపం తెలిపే పట్టీ మీద ప్రకటనా? బ్లేడు పెట్టి అన్నిటికీ కుట్లు విప్పేశాను. ట్యాగు లోపలివైపు పెడితే వాళ్లకు పోయేదేముంది?

నల్ల ఇన్సులేషన్ టేపు చాలదా అని మా వాళ్లు కొందరు అడిగారు. చాలకేం, చేతిలో ఏమీ లేనప్పుడు అదే దిక్కు. 2003 ఫిబ్రవరి 10న హరారేలో నమీబియాతో ప్రపంచ కప్ మ్యాచ్‌లో జింబాబ్వే ఆటగాళ్లు ఆండీ ఫ్లవర్, హెన్రీ ఒలోంగా నల్ల టేపే చుట్టుకుని దిగారు. తమ దేశంలో ప్రజాస్వామ్యం చనిపోయిందని, దానికి సంతాపమని ప్రకటించారు. ఆ ప్రపంచ కప్ తర్వాత ఇద్దరూ మళ్లీ జింబాబ్వేకు ఆడలేదు. కాబట్టి టేపును నేను తక్కువ చేయను. కాకపోతే చర్మం మీద చుడితే తీసేటప్పుడు వెంట్రుకలు ఊడొస్తాయి, చొక్కా చేతి మీద చుడితే ముడతలు పడి జిగురు మిగులుతుంది. టైము ఉంటే గుడ్డ పట్టీయే మేలు.

కొనేవాళ్లకు ఇంకో మాట. టాస్‌కు ముందే అంపైర్లకు, అవతలి కెప్టెన్‌కు విషయం చెప్పండి. అంతర్జాతీయ మ్యాచ్‌లలోనైతే తమ దేశ క్రికెట్ బోర్డు, అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) అనుమతి ముందే ఉండాలి. 2023 డిసెంబరులో పెర్త్ టెస్టులో అనుమతి లేకుండా పట్టీ కట్టుకున్నందుకు ఆస్ట్రేలియా ఆటగాడు ఉస్మాన్ ఖవాజాను ఐసీసీ మందలించింది. తన సొంత మనిషి పోయినందుకు కట్టుకున్నానని అతను చెప్పాడు. చిన్న టోర్నీల్లో అంత పట్టింపు ఉండకపోవచ్చు. కానీ ఎవరి కోసమో నలుగురికీ తెలిస్తే అవతలి జట్టు కూడా కట్టుకుంటుంది. మా మ్యాచ్‌లో స్కోరర్ కూడా వచ్చి ఒకటి అడిగి తీసుకున్నారు, కాబట్టి ఆటగాళ్ల లెక్క కంటే కొన్ని ఎక్కువే తెప్పించుకోండి.

ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. గుడ్డకు, కుట్టుకు, మెరవని నలుపుకు ఆ మార్కులు. చిన్న సైజు లేనందుకు ఒకటి, బయట కుట్టిన ట్యాగుకు అర తగ్గించాను. పెద్దవాళ్ల జట్టుకైతే ధైర్యంగా తీసుకోండి. పిల్లలకైతే సూదీ దారం దగ్గర పెట్టుకుని, మ్యాచ్ ముందురోజే ఒక్కొక్కరికీ కట్టి చూడండి.