తక్కువ ఖర్చుతో సాముదాయిక జీవశాస్త్ర ప్రయోగశాల: కొన్నేళ్ల వాడకం తరువాత మా పరికరాల సమీక్ష

హైదరాబాదు తార్నాకలో ఒక పాత ఇంటి కింది అంతస్తులో కొందరు మిత్రులం కలిసి ఒక జీవశాస్త్ర ప్రయోగశాలను నడుపుతున్నాము. కొన్నేళ్లుగా అక్కడ వాడుతున్న పరికరాలలో ఏవి నిలిచాయో, ఏవి నిలవలేదో, ఇలాంటి ప్రయత్నం మొదలుపెట్టాలనుకునే వారికి ఉపయోగపడాలని ఈ సమీక్షలో రాస్తున్నాను. ఇక్కడికి డిగ్రీ విద్యార్థులు, పదవీ విరమణ చేసిన అధ్యాపకులు, ఇంట్లో పుట్టగొడుగులు పెంచుకునేవారు, సెలవుల్లో బడిపిల్లలు వస్తుంటారు. చెరువు నీటిలోని సూక్ష్మజీవులను చూడడం, పెరుగులోని బాక్టీరియాను, రొట్టె మీది బూజును పెంచడం, ఆకుల నుంచి డీఎన్ఏ తీసి పీసీఆర్ (డీఎన్ఏలోని ఒక ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) చేసి, ఆ ముక్కలను కరెంటుతో పరిమాణం వారీగా విడదీసే జెల్ మీద చూసుకోవడం మా ముఖ్యమైన పనులు. వీటికి కావలసినవి కొనేటప్పుడు మేము మొదటి నుంచీ పాటించిన సూత్రం ఒక్కటే. ఏ పరికరం తప్పు చేస్తే ఆ తప్పును మేమే చిన్న పరీక్షతో పట్టుకోగలమో దానిని చౌకగానో, పాతదిగానో, సొంతంగా తయారుచేసుకునో తెచ్చుకున్నాము. ఏది తప్పు చేసినా ఫలితం చెడిపోయేదాకా బయటపడదో దాని మీదే డబ్బు పెట్టాము.

ఒత్తిడిలోని ఆవిరితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్ స్థానంలో ఇప్పటికీ వంటింటి ప్రెషర్ కుక్కరే పనిచేస్తున్నది. పన్నెండు లీటర్ల అల్యూమినియం కుక్కర్‌లో 250 మిల్లీలీటర్ల సీసాలు నాలుగు నిలువుగా పడతాయి. ప్రామాణిక పద్ధతి ప్రకారం 121 డిగ్రీల ఆవిరిలో 15 నిమిషాలు ఉంచితే బాక్టీరియా బీజాలు (స్పోర్లు) కూడా చనిపోవాలి. అయితే మన కుక్కర్ల మీది బరువు సాధారణంగా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి దగ్గర లేస్తుంది. దానికి తోడు హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందువల్ల ఇక్కడి గాలి ఒత్తిడే కొంత తక్కువ. ఈ రెండూ కలిసి లోపలి ఉష్ణోగ్రత 119 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది కాబట్టి మేము కాలాన్ని 30 నిమిషాలకు పెంచుకున్నాము. మూత పెట్టగానే బరువు పెట్టకుండా, ఆవిరి ధారగా వచ్చి లోపలి గాలి అంతా పోయేవరకు ఆగడం మరింత ముఖ్యం. గాలి మిగిలితే ఒత్తిడి సరిగానే ఉన్నా వేడి చాలదు. సీసాల మూతలు వదులుగా ఉంచాలి, దించిన తరువాత బరువు ఎత్తి ఆవిరిని ఒక్కసారిగా వదలకూడదు, వదిలితే అగర్ (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ లాంటి పదార్థం) పొంగి సీసాల నుంచి బయటికి వచ్చేస్తుంది. ఇదంతా చేసినా కుక్కర్ నిజంగా శుద్ధి చేస్తున్నదా అన్న అనుమానం ఎవరికైనా రావలసిందే. అందుకు జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ అనే, వేడిని బాగా తట్టుకునే బాక్టీరియా బీజాలు పూసిన పట్టీలు దొరుకుతాయి. ఒకదానిని సీసాల మధ్య పెట్టి, తరువాత పోషక ద్రవంలో వేసి 55 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంచి చూస్తే, ఏమీ పెరగకపోతే కుక్కర్ మీద నమ్మకం ఉంచవచ్చు. మా కుక్కర్ ఈ పరీక్షలో ప్రతిసారీ నెగ్గింది. ప్రతి ఏటా గాస్కెట్ మారుస్తాము, అడుగున పోసే నీరు బోరుది కాకుండా ఆర్ఓ నీరు వాడతాము. బోరు నీటితో గోడలకు తెల్లని సున్నపు పొర పేరుకుంటుంది.

సూక్ష్మజీవులను ఒకే ఉష్ణోగ్రతలో ఉంచి పెంచే ఇంక్యుబేటర్ విషయంలో మన ఊరి వాతావరణం అసలు సమస్య. థర్మోకోల్ పెట్టె, అందులో ఒక బల్బు, ఉష్ణోగ్రత నియంత్రించే చిన్న బోర్డు ఉంటే చాలని చాలామంది చెబుతారు. చలిదేశాలలో అది చాలు, ఇక్కడ జనవరిలో కూడా చాలు. మే నెలలో మాత్రం బయట 42 డిగ్రీలు, గదిలో 36 డిగ్రీలు ఉన్నప్పుడు, వేడి చేయడం తప్ప చల్లబరచడం చేతకాని పెట్టెలో 25 డిగ్రీల దగ్గర పెరగవలసిన బూజులను ఎలా పెంచడం? దీనికి మాకు దొరికిన పరిష్కారం పాత సింగిల్ డోర్ ఫ్రిజ్. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే రెండు రిలేల (కరెంటును తానే వేసి ఆపే స్విచ్‌ల) ఉష్ణోగ్రత నియంత్రకంలో ఒక రిలేకు ఫ్రిజ్ కంప్రెసర్‌ను, రెండో దానికి లోపల పెట్టిన 60 వాట్ల బల్బును కలిపించాము. వేడి ఎక్కువైతే కంప్రెసర్, తక్కువైతే బల్బు నడుస్తాయి. కంప్రెసర్ వెంటవెంటనే ఆగి మొదలుకాకుండా కొన్ని నిమిషాల విరామం పెట్టుకునే ఏర్పాటు ఆ నియంత్రకంలోనే ఉంది. లోపల కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి తిరుగుతుంటే పై అరకూ కింది అరకూ తేడా ఒక డిగ్రీకి మించదు. వైరింగ్‌ను అనుభవమున్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. ఎండాకాలం పొడిగాలికి అగర్ ప్లేట్లు బిరుసెక్కుతాయి కాబట్టి వాటిని తలకిందులుగా పేర్చి, తడి దూది ఉన్న మూత డబ్బాలో ఉంచుతాము. మా ప్రయోగశాలలో పెట్టిన డబ్బుకు అన్నిటికన్నా ఎక్కువ పని చేసి పెట్టిన పరికరం ఇదేనని నిస్సంకోచంగా చెబుతాను.

అన్నిటికన్నా ముందు కొత్తవి కొనవలసినవి, అతి కొద్ది ద్రవాన్ని కొలిచి వదిలే మైక్రోపిపెట్లు. 2 నుంచి 20, 20 నుంచి 200, 100 నుంచి 1000 మైక్రోలీటర్ల శ్రేణుల మూడూ ఉంటే దాదాపు ప్రతి పనీ సాగుతుంది. లోపలి సీలు అరిగిన పిపెట్ పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది, ద్రవాన్ని లాగుతుంది, వదులుతుంది. పదో వంతు తక్కువ వదులుతున్నదన్న సంగతి మాత్రం పీసీఆర్ పనిచేయని రోజున కూడా తెలియదు, నెపం ఎంజైము మీదకో ప్రైమర్ (నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్క) మీదకో పోతుంది. పేరున్న తయారీదారు నుంచి, కొలత సరిచూసినట్టు తెలిపే క్రమాంకన పత్రంతో కొన్న మూడు పిపెట్లూ నేటికీ సరిగా ఉన్నాయి. వాటిని పరీక్షించడానికి నగల వ్యాపారులు వాడే, గ్రాములో వందో వంతు చూపే త్రాసు చాలు. 28 డిగ్రీల నీరు 1000 మైక్రోలీటర్లు 0.996 గ్రాములు తూగుతుంది. చిన్న పిపెట్ ఒకసారి వదిలే 20 మైక్రోలీటర్లను ఆ త్రాసు సరిగా తూచలేదు కాబట్టి, మూత ఉన్న చిన్న సీసాలోకి యాభై సార్లు వదిలి మొత్తం ఒక గ్రాముకు దగ్గరగా వచ్చిందా అని చూస్తాము. ఇది సగటు తప్పును మాత్రమే పట్టుకుంటుంది, ఒక్కొక్కసారి వచ్చే హెచ్చుతగ్గులను పట్టుకోదు. అయినా అరిగిన సీలును బయటపెట్టడానికి ఇది సరిపోతుంది. ఫ్యాను ఆపి, మూత వేస్తూ చేయకపోతే వేసవిలో ఆవిరయ్యే నీరే లెక్కను తప్పిస్తుంది.

ఫ్రీజర్ కూడా ఇదే కోవకు చెందుతుంది. పీసీఆర్ ఎంజైములను -20 డిగ్రీల దగ్గర సగం గ్లిసరాల్ కలిపిన ద్రావణంలో ఉంచుతారు కనుక అవి గడ్డకట్టవు, అందువల్ల వేడి తగిలినా కంటికి ఏ మార్పూ కనిపించదు. ఇళ్లలోని ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లు మంచు పేరుకోకుండా లోపల హీటర్‌ను మధ్యమధ్య నడుపుతాయి. ఆ చిన్న వేడి రోజూ తగులుతుంటే ఎంజైముల ఆయుష్షు తగ్గుతుంది. మేము ఐస్‌క్రీమ్ దుకాణాలలో కనిపించే, పై నుంచి తెరిచే డీప్ ఫ్రీజర్‌ను పాతదే తీసుకుని కంప్రెసర్‌ను మరమ్మతు చేయించాము. దాని లోపల థర్మోకోల్ పెట్టె, పెట్టె చుట్టూ జెల్ ప్యాకులు, అందులో ఎంజైములు. కరెంటు పోయినా గంటల తరబడి చల్లదనం నిలుస్తుంది. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుంచుకునే చిన్న థర్మామీటరు ఒకటి అందులో ఉండడం వల్ల, రాత్రి ఏమి జరిగిందో పొద్దున్నే తెలుసుకోగలుగుతున్నాము. పాత ఫ్రీజర్‌ను నమ్మడానికి వీలు కల్పించింది ఆ థర్మామీటరే.

మైక్రోస్కోపు గురించి చెప్పేటప్పుడు ఈ నగరంలో ఉండడం నాకు ప్రత్యేకంగా గర్వం కలిగిస్తుంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించింది ఒక సాధారణ మైక్రోస్కోపుతోనే. బేగంపేటలోని ఆయన స్మారక భవనాన్ని మా దగ్గరకు వచ్చే పిల్లలకు తప్పక చూడమని చెబుతాము. మేము కొన్నది అంబాలాలో తయారైన, 100 రెట్ల ఆయిల్ ఇమ్మర్షన్ ఆబ్జెక్టివ్ (స్లైడుకూ తనకూ మధ్య నూనె చుక్క వేసి వాడే లెన్సు) ఉన్న విద్యార్థి మైక్రోస్కోపు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం 2014లో ప్రకటించిన కాగితపు ఫోల్డ్‌స్కోప్ కూడా మా దగ్గర ఉంది. అది 140 రెట్లు పెద్దది చేసి, రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వివరం దాకా చూపిస్తుంది. చెరువు గట్టు మీద నిలబడి పారమీసియం చూడడానికి దాన్ని మించినది లేదు, కానీ పెరుగులోని బాక్టీరియా ఆకారాన్ని తేల్చుకోవడానికి ఆయిల్ ఇమ్మర్షనే కావాలి. పాత మైక్రోస్కోపు కొనదలచినవారు ఆబ్జెక్టివ్‌ను విప్పి వెలుతురుకు ఎత్తి సాలెగూడు లాంటి మరకలు ఉన్నాయేమో చూడాలి. అది బూజు, లెన్సు పూత దెబ్బతిన్న తరువాత తుడిచినా బాగుపడదు. వానాకాలమంతా మాది సిలికా జెల్‌తో పాటు గాలి చొరని డబ్బాలో ఉంటుంది.

ట్యూబులను వేగంగా తిప్పి ద్రవంలోని పదార్థాలను విడదీసే సెంట్రిఫ్యూజ్ విషయంలో నా అభిప్రాయం కఠినమైనదే. డ్రిల్లుకు బిగించే త్రీడీ ముద్రణ రోటర్లను ఎవరూ వాడవద్దు. 6 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో నిమిషానికి 10,000 చుట్లు తిరిగే రోటర్‌లో గురుత్వాకర్షణకు సుమారు 6,700 రెట్ల బలం పుడుతుంది. రెండు గ్రాముల ట్యూబు పదమూడు కిలోల బరువుతో ప్లాస్టిక్‌ను లాగుతుంది. పిల్లలు తిరిగే గదిలో అది విరిగితే ఏమవుతుందో ఊహించడానికే మనసొప్పదు. మేము మూత లాక్ ఉన్న పాత బల్ల సెంట్రిఫ్యూజ్‌ను కొన్నాము, బ్రష్‌లు మార్పించాము, అది చక్కగా తిరుగుతున్నది. పాత పీసీఆర్ యంత్రం కూడా అలాగే వచ్చింది. సన్నని థర్మోకపుల్ తీగను నీరున్న ట్యూబులో పెట్టి 95, 55, 72 డిగ్రీలు నిజంగా అందుతున్నాయో లేదో అన్ని గుంతలలోనూ కొలిస్తే, అంచున ఉన్న రెండు గుంతలు వెనుకబడుతున్నాయని తేలింది. వాటిని వాడకుండా వదిలేశాము. యంత్రం దొరకనివారు మూడు నీటి తొట్టెల మధ్య ట్యూబులను చేత్తో మార్చుకోవచ్చు, పీసీఆర్ తొలిరోజుల్లో అలాగే చేసేవారు, ఓపిక మాత్రం చాలా కావాలి.

జెల్ పెట్టెను యాక్రిలిక్ పలకలతో చేయించాము, ఎలక్ట్రోడ్లకు స్టెయిన్‌లెస్ స్టీలు తీగ పెట్టి అది అరిగిపోయినప్పుడల్లా మారుస్తున్నాము. దానికి కరెంటు ఇచ్చే సప్లైని మాత్రం కొత్తదే కొనాలి, 100 వోల్టుల డీసీతో ప్రయోగాలు వద్దు. డీఎన్ఏను చూపించే, కానీ హానికరమైన రంగు ఇథిడియం బ్రోమైడ్‌కు బదులు నీలి ఎల్ఈడీ కాంతిలో మెరిసే రంగును వాడుతున్నాము.

వడగట్టిన శుభ్రమైన గాలిని వీచే లామినార్ ఫ్లో బల్ల కొనలేదు. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, ముందువైపు చేతులు దూర్చే రంధ్రాలున్న పారదర్శక ప్లాస్టిక్ పెట్టెలో పనిచేస్తే మా అవసరానికి సరిపోతున్నది. లోపల స్పిరిటు (ఐసోప్రొపనాల్) చల్లి తుడుస్తాము కాబట్టి ఆ పెట్టెలో మంట వెలిగించడం నిషేధం. బూజుల పెంపకానికి అగర్‌గా కిరాణా చైనాగ్రాస్ సరిపోతుంది, లీటరుకు 200 గ్రాముల బంగాళాదుంపల ఉడికించిన నీరు, 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్ కలిపితే ప్లేట్లు సిద్ధం. జెల్‌కు అది పనికిరాదు, అగర్ నుంచి శుద్ధి చేసి తీసిన అగరోజ్ కావలసిందే. శుద్ధ ఇథనాల్ కొనాలంటే ఎక్సైజ్ అనుమతులు కావాలి కాబట్టి డీఎన్ఏను వేరుచేయడానికీ, బల్లలు తుడవడానికీ ఐసోప్రొపనాల్‌తోనే నెట్టుకొస్తున్నాము, ఏ లోటూ కనిపించలేదు.

జన్యుమార్పిడి ప్రయోగాలు మేము చేయము. వాటికి 1989 నాటి కేంద్ర నియమాల కింద సంస్థాగత జీవభద్రత సంఘం ఉండాలి, అది మా స్థాయికి లేదు. మనుషుల రక్తం, ఉమ్మి నమూనాలు తీసుకోము; వాడిన ప్రతి ప్లేటూ మళ్లీ కుక్కర్‌లో ఉడికిన తరువాతే బయటకు వెళుతుంది. అందుకోసం ఇటీవల రెండో కుక్కర్ కొని, ఎర్ర రంగు పూసి, వ్యర్థాలకు మాత్రమే కేటాయించాము. ఇక కొనదలచినది మైక్రోస్కోపు కింద కొలతలకు వాడే, పది మైక్రాన్ల ఎడంతో గీతలున్న స్టేజ్ మైక్రోమీటరు. అది చేతికి వస్తే చెరువు నీటిలోని జీవుల కొలతలను మా పుస్తకంలో నమోదు చేయడం మొదలవుతుంది.