నాడీకణాన్ని కాంతితో ఆపడానికి ఏది మేలు: పంపా, చానెలా?

నాడీకణాన్ని కాంతితో అదుపు చేయడానికి అందులో ప్రవేశపెట్టే రోడాప్సిన్లలో (కాంతికి స్పందించే ప్రోటీన్లలో) అయాన్లను, అంటే విద్యుదావేశమున్న కణికలను, తోడేవి పంపులు, వాటికి దారి తెరిచేవి చానెళ్లు. కట్టడంలో రెండూ దగ్గరి చుట్టాలే: కణత్వచాన్ని ఏడుసార్లు దాటే ప్రోటీన్ గొలుసు, దాని నడుమ విటమిన్ ఎ నుంచి తయారయ్యే రెటినాల్. కాంతి తగలగానే రెటినాల్ వంపు మారుతుంది. తేడా ఆ తరువాత మొదలవుతుంది.

క్షార సరస్సుల్లో బతికే నాట్రోనోమొనాస్ అనే సూక్ష్మజీవి నుంచి తీసుకున్న హాలోరోడాప్సిన్ పంపు పసుపు కాంతిలో క్లోరైడ్‌ను లోపలికి తోడుతుంది; క్లోరైడ్ రుణావేశం లోపలికి చేరితే కణం అణగుతుంది. ఇది ఏతం వంటిది. ఒక్కో ఫోటాన్‌కు ఒక్క అయాన్‌నే, అవసరమైతే ఎదురు వాలులోనైనా, ఎత్తిపోస్తుంది. గిలార్డియా థీటా అనే ఏకకణ శైవలంలో కనుగొని 2015లో ప్రకటించిన జీటీ-ఏసీఆర్1 చానెల్ మాత్రం తూము వంటిది. ఒక్క ఫోటాన్‌తో తెరుచుకుని, మూసుకునేలోపు ఎన్నో క్లోరైడ్ అయాన్లను వాలును బట్టి సాగనిస్తుంది. అందుకే దీనికి చాలా తక్కువ కాంతి చాలు. మెదడు కణజాలంలో కాంతి త్వరగా చెదిరిపోతుంది, తీవ్రత పెంచితే వేడి పుట్టి కణాల తీరే మారవచ్చు కనుక, ఇది చిన్న లాభం కాదు.

పంపుకు మరో చిక్కు ఉంది. అది ఆగకుండా తోడుతూ పోతే కణంలో క్లోరైడ్ పేరుకుపోతుంది. దీపం ఆర్పాక కొంతసేపు, మామూలుగా కణాన్ని అణచే గాబా అనే నాడీ రసాయనపు సంకేతమే దాన్ని ఉత్తేజపరచగలదు. చానెల్ అయితే క్లోరైడ్‌ను సమతౌల్యానికి మించి తోయలేదు. కానీ ఆ గుణమే ఆక్సాన్ (నాడీకణం నుంచి సంకేతాన్ని మోసుకెళ్లే పొడవాటి తీగ) కొసల్లో దోషమవుతుంది: అక్కడ క్లోరైడ్ ముందే ఎక్కువగా ఉండటంతో, తూము తెరవగానే అది బయటికి పారి, ఆపాలనుకున్న సంకేతాన్నే పుట్టించవచ్చు. అలాగని ప్రోటాన్లను వెలుపలికి తోడే ఆర్కిరోడాప్సిన్ అనే మరో పంపును అక్కడ వాడితే మేలని చెప్పలేము. ఎక్కువసేపు వాడితే లోపల క్షారత పెరిగి, కాల్షియం చేరి, నాడీ రసాయనాలు వాటంతటవే విడుదలవుతాయని 2016లో తేలింది.

కాబట్టి కణదేహాన్ని నిమిషాల తరబడి ఆపాలంటే నా ఓటు చానెల్‌కే, అదీ దానిని కణదేహానికే పరిమితం చేసే చిరునామా తోకను తగిలించిన రూపానికి. ఆక్సాన్ కొసల్లో కొద్ది క్షణాల పనికి హాలోరోడాప్సిన్‌కే మొగ్గు చూపుతాను, దీపం ఆరిన వెంటనే వచ్చే ఎదురు ఉత్తేజాన్ని లెక్కలోకి తీసుకుంటూ.