సంతకం ఉన్న ఎల్పీకి ఏ సర్టిఫికెట్ కొనాలి? పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్, ఆపైన స్పెషలిస్టులు

1960ల నాటి ఇంగ్లండు రాక్ బ్యాండు బీటిల్స్‌లోని నలుగురూ సంతకం చేసిన ఎల్పీ, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డు, అమ్మేవాళ్ళు ముందుగా చూపించేది సర్టిఫికెట్. మీరు దాన్ని ఆఖర్న చూడండి. అమ్మేవాడే ప్రింటు తీసి, బంగారు రంగు సీలు అతికించి, "ఒరిజినల్‌కి మాదే హామీ" అని రాసిచ్చిన కాగితం విలువ సున్నా. దొంగ సంతకమే పెట్టగలిగినవాడికి దొంగ కాగితం చేయడం ఓ లెక్కా? అందుకే ఇక్కడ మార్కులు వేసేది అమ్మకంతో సంబంధం లేకుండా, రుసుము తీసుకుని సంతకాలు పరీక్షించే సేవలకే. అమెరికాలో పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ అనే మూడు పెద్ద కంపెనీలున్నాయి. వాటి పక్కన పాటలవాళ్ళ సంతకాలే చూసే నిపుణులు కొద్దిమంది ఉన్నారు.

మూడూ ఆటగాళ్ళ సంతకాల వ్యాపారంలో పెరిగినవే. పీఎస్ఏ సంతకాల విభాగం 1998లో, అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఆపరేషన్ బుల్‌పెన్ పేరుతో నకిలీ సంతకాల ముఠాల వెంటపడుతున్న కాలంలో మొదలైంది. జేఎస్ఏ 2005లో వచ్చింది. బేస్‌బాల్ బంతి మీద వీళ్ళ మాట ఎంత చెల్లుతుందో 1960ల రాక్ ఎల్పీ మీద అంత చెల్లదు. ఇది గుర్తుంచుకుని ముందుకెళ్ళాలి.

వీళ్ళ దగ్గర అన్నిటికంటే చవకైన సేవే అన్నిటికంటే పనికొచ్చేది. ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్లో ఉన్న వస్తువు లింకు పంపితే, ఫొటో చూసి అసలుదయ్యే అవకాశం ఉందో లేదో చెబుతారు. దీనికి స్టిక్కర్ రాదు, సంతకం అసలుదని రాసిచ్చే ఉత్తరం రాదు, రేపు మీరు అమ్మేటప్పుడు చూపించడానికీ పనికిరాదు. ఫొటో మసకగా ఉంటే జవాబూ మసకే. "అవును" అంటే సగమే నమ్మండి. "కాదు" అన్నారంటే మాత్రం వేల డాలర్లు మిగిలినట్టే. ఐదుకు నాలుగున్నర మార్కులు.

తర్వాతిది నంబరున్న స్టిక్కర్, జతగా చిన్న కార్డు. బతికున్న గాయకుడి సీడీ బుక్‌లెట్‌కి ఇది చాలు. బ్యాండు మొత్తం సంతకం చేసిన ఎల్పీకి చాలదు. దానికి ఆ వస్తువు ఫొటోతో సహా ఇచ్చే పూర్తి ఉత్తరం కావాలి. ఉత్తరం చేతికొచ్చాక అందులో పేర్లు లెక్కపెట్టండి. ఎల్పీ మీద నాలుగు సంతకాలుండి ఉత్తరంలో మూడు పేర్లే ఉంటే, నాలుగోది గట్టెక్కలేదని అర్థం. కంపెనీ వెబ్‌సైట్లో నంబరు కొట్టి చూడటం అందరూ చేస్తారు, అక్కడితో ఆగిపోతారు. అసలు నంబరునే ఇంకో వస్తువుకి తగిలించడం పాత ఎత్తు. డేటాబేస్‌లో ఫొటో ఉంటే అక్షరం ఎక్కడ మొదలైంది, కవరు బొమ్మలో ఏ గీతను దాటింది అనేవి పోల్చుకోవాలి.

కంపెనీ ప్రతినిధి కళ్ళెదుట సంతకం చేయించి వేసే "విట్‌నెస్డ్" స్టిక్కర్ ఒక్కటే సాక్ష్యం, మిగతావన్నీ అభిప్రాయాలు. ఐదుకు ఐదు. బీటిల్స్‌లో ఒకడైన జాన్ లెనన్ సంతకం పక్కన ఆ స్టిక్కర్ కనిపిస్తే మాత్రం నవ్వుకుని వదిలేయండి. ఆయన పోయింది 1980 డిసెంబరు 8న, ఈ సేవలు పుట్టకముందే.

బీటిల్స్ దగ్గరికొచ్చేసరికి వేలం సంస్థలు, పెద్ద కలెక్టర్లు ఆ బ్యాండు సంతకాల నిపుణుడు ఫ్రాంక్ కయాజో ఉత్తరం అడుగుతారు. మిగతా రాక్ సంతకాలకు రోజర్ ఎపర్సన్ మాట నడుస్తుంది. కారణం ఉంది. పర్యటనల రోజుల్లో అభిమానుల తాకిడి తట్టుకోలేక బీటిల్స్ రోడ్ మేనేజర్లు నీల్ యాస్పినాల్, మాల్ ఎవాన్స్ నలుగురి పేర్లూ తామే రాసిచ్చేవారు. అవి ఆ కాలపు కాగితం మీద ఆ కాలపు ఇంకుతోనే ఉంటాయి. వాటిని పట్టాలంటే యాస్పినాల్ చేతి తీరు కూడా తెలియాలి. పెద్ద మొత్తం పెట్టేటప్పుడు ఈ రుసుము దగ్గర పిసినారితనం వద్దు.

అయితే రుసుము కట్టేముందు వస్తువునే అడగండి. సగం నకిలీలు తారీఖు దగ్గరే దొరికిపోతాయి. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ బ్యాండులో చేరింది 1962 ఆగస్టులో. అంతకుముందు నాటిదని చెప్పే కాగితం మీద రింగో పేరుంటే కథ అక్కడితో సరి. షార్పీ అనే మార్కర్ పెన్ను మార్కెట్లోకి వచ్చింది 1964లో, కనుక "1963 పర్యటనలో తీసుకున్నది" అనే షార్పీ సంతకం అబద్ధం. లెనన్ ఆల్బమ్ "డబుల్ ఫాంటసీ" విడుదలైంది 1980 నవంబరు 17న. కొన్నవాళ్ళు దాని మీద ఆయన చేత సంతకం పెట్టించుకోవడానికి దొరికిన కాలం మూడు వారాలే. ఇంటికి పోస్టులో వచ్చేవాటి మీద ఇక సంతకం చేయనని రింగో 2008 అక్టోబరులో వీడియో పెట్టి మరీ చెప్పాడు. "2012లో పోస్టులో తెప్పించుకున్నా" అనేవాడి దగ్గర కొనకండి.

తర్వాత పది రెట్ల భూతద్దం తీయండి. మార్కర్ గీతలు ఒకదాన్నొకటి దాటేచోట ఇంకు రెండు పూతలై ముదురుగా కనిపించాలి. బాల్‌పాయింట్ అయితే కాగితంలో సన్నని గాడి ఉండాలి. ముద్రించిన సంతకంలో గాడి ఉండదు, చాలాసార్లు రంగు చుక్కచుక్కలుగా విడిపోతుంది. పాత ఎల్పీ కవరుకి లోపలి రికార్డు ఒరుసుకుని గుండ్రటి అరుగుదల ఏర్పడుతుంది. సంతకం ఆ వలయాన్ని దాటేచోటే అసలు విషయం ఉంటుంది. ముందు సంతకం, తర్వాత అరుగుదల అయితే అట్టతో పాటు ఇంకూ అరిగి గీత తెగిపోయి ఉంటుంది. పై పొర లేచిపోయిన అట్టలోకి ఇంకు ఇంకి, అంచులు నూలుపోగుల్లా పాకి ఉంటే, కవరు పాతబడ్డాక ఎవరో పెన్ను పట్టారన్నమాట. మడతల దగ్గరా ఇదే పరీక్ష. ఫ్రేములో బిగించి "తీయడం కుదరదు" అనేవాళ్ళు సరిగ్గా ఈ పరీక్షే తప్పించుకుంటారు.

యంత్రం రాసిన ఆటోపెన్ సంతకం వేరే తలనొప్పి. ఇంకు అసలుదే, గాడీ ఉంటుంది. కానీ ఒత్తిడి మొదటి నుంచి చివరిదాకా ఒకటే, మొదలైనచోటా ఆగినచోటా చుక్క, తిన్నని గీతలో సన్నని వణుకు. అదే గాయకుడివి మరో నాలుగు సంతకాల ఫొటోలు తెచ్చి ఒకదానిపై ఒకటి పెట్టి చూడండి. మనిషి ఒకే సంతకాన్ని అచ్చుగుద్దినట్టు రెండుసార్లు చేయలేడు. 2022 నవంబరులో అమెరికా గాయకుడు బాబ్ డిలన్ సంతకం ఉందంటూ ఒక్కోటి 599 డాలర్లకు అమ్మిన 900 పుస్తకాల గుట్టు ఇలాగే రట్టయింది. వాటితో పాటు ప్రచురణకర్తల హామీ పత్రం కూడా వచ్చింది. కొన్నవాళ్ళు ఫొటోలు పోల్చుకుని పట్టేశారు, ప్రచురణ సంస్థ డబ్బు వాపసు ఇచ్చింది, డిలన్ క్షమాపణ చెప్పాడు.

ధర సంగతి కొంచెం. "ఫలానా వారికి" అని పేరు రాసి చేసిన సంతకం చవక, కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు అదే మంచిది. అక్షరాలు పెరిగేకొద్దీ దొరికిపోతామని నకిలీగాళ్ళు పొడుగు రాతల జోలికి తక్కువ వెళతారు. బీటిల్స్ 1966 ఆగస్టు 29తో పర్యటనలు ఆపేశారు, ఆ తర్వాత నలుగురూ కలిసి చేసిన సంతకాలు అరుదు. 1967 నాటి "సార్జెంట్ పెప్పర్స్" ఎల్పీ ఒకటి నాలుగు సంతకాలతో 2013లో హెరిటేజ్ అనే సంస్థ వేలంలో 2,90,500 డాలర్లు పలకడానికి అదో కారణం.

ఏ సర్టిఫికెట్ ఉన్నా బిల్లు మీద ఒక వాక్యం రాయించుకోండి: ఫలానా నిపుణుడు కాదంటే, ఇన్ని రోజుల్లో, పూర్తి మొత్తం వాపసు. నిపుణుడి పేరు, రోజుల సంఖ్య రెండూ ఉండాలి. "జీవితకాల గ్యారంటీ" అనే మాటలో ఎవరి జీవితమో తేలదు. ఆన్‌లైన్ చెల్లింపుల సేవ పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ (సొంతవాళ్ళకు పంపేది) కింద పంపమంటే బేరం వదిలేయండి, దానికి కొనుగోలు రక్షణ ఉండదు. కొన్నాక ఎండ తగలనివ్వకండి, మార్కర్ ఇంకు వెలిసిపోతుంది. లామినేషన్ చేయిస్తే డబ్బులు పోయినట్టే.

మన గాయకుల సంతకాలను అమెరికాకి పంపడం మాత్రం దండగ. పోల్చడానికి ఒప్పుకున్న అసలు నమూనాలు లేనిదే ఎంత పెద్ద కంపెనీ అయినా చెప్పగలిగింది తక్కువ. నమూనాలు మద్రాసు, హైదరాబాదు సినిమా కుటుంబాల దగ్గర, పాత ఉత్తరాల్లో వెతుక్కోవాలి. సీడీ కవరు మీద ఘంటసాల సంతకం అని ఎవరైనా చూపిస్తే ఆ శ్రమా అక్కర్లేదు. ఆయన పోయింది 1974లో, సీడీ మార్కెట్లోకి వచ్చింది 1982లో.